గూగుల్‌ మ్యాపులో నీ టైలరింగ్ షాపు

చి॥ అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

వైజాగ్ ఎంవీపీ కాలనీలో షాపు తెరిచి నెలలైనా మ్యాపులో కనబడడం లేదన్నావు. తొందరపడి కొత్త లిస్టింగ్, అంటే మ్యాపులో షాపు వివరాల పేజీ, పెట్టకు. ముందు షాపు పేరు, ఫోన్ నంబరు కొట్టి వెతుకు. ఏ కస్టమరో ఇప్పటికే చేర్చి ఉండొచ్చు. ఉంటే ఓనరు నువ్వేనని చెప్పి దాన్నే నీ చేతికి తెచ్చుకో. ఒక్క షాపుకి రెండు లిస్టింగులుంటే రివ్యూలు చీలిపోతాయి. జీమెయిల్ నీదే వాడు. సాయం చేసే కుర్రాడిని మేనేజరుగా చేర్చు, ఓనరుగా వద్దు. రేపు అతను ఫోన్ ఎత్తకపోతే తాళంచెవి అతని జేబులోనే ఉండిపోతుంది.

బోర్డు మీద ఏ పేరుందో అదే రాయి. దాని వెనక 'బెస్ట్ బ్లౌజ్ స్టిచింగ్ వైజాగ్' అని తోక తగిలించమనేవాళ్లు చాలామంది దొరుకుతారు. వినకు, అది నిబంధనలకు విరుద్ధం. సరిగ్గా పెళ్లిళ్ల సీజన్లో లిస్టింగ్ సస్పెండ్ అయితే ఎవరితో మొర పెట్టుకుంటావు? ఆ తోక చేస్తుందనుకునే పని కేటగిరీ, అంటే నీది ఏ రకం షాపో చెప్పేది, చేస్తుంది. ప్రధానమైనది ఒకటి, అదనంగా 9 వరకు పెట్టుకోవచ్చు. నీకు రాబడి జాకెట్ల మీద కాబట్టి డ్రెస్‌మేకర్ ముందు, ఆల్టరేషన్, ఎంబ్రాయిడరీ తర్వాత. చీరలు అమ్మనప్పుడు చీరల దుకాణమని పెట్టకు. లైనింగ్ జాకెట్టు, మామూలు జాకెట్టు, మగ్గం పని, ఫాల్ పీకో, ఇవన్నీ సర్వీసుల్లో విడివిడిగా, ధరతో రాయి.

అసలు చిక్కు మ్యాపు గుర్తుతోనే. అడ్డగీతల మన డోర్ నంబర్లు మ్యాపుకి చాలాసార్లు అర్థం కావు, పిన్‌కోడ్ 530017 ఒక్కటే ఇస్తే కాలనీలో ఎక్కడో పడేస్తుంది. సెక్టార్ నంబరు రాసి, శాటిలైట్ వ్యూ పెట్టి, గుర్తుని నీ షట్టర్ మీదకే లాగు. వెనక సందులో పడిందంటే స్కూటీ మీద వచ్చినావిడ అపార్ట్‌మెంట్ ప్రహరీ చూసి వెనక్కి తిరుగుతుంది. రైతు బజారు నుంచి ఎలా రావాలో వివరణలో రాయి. దానికి 750 అక్షరాలే చోటు.

షాపు నీదేనని తేల్చుకునే వెరిఫికేషన్‌కి గూగుల్ వీడియో అడిగితే కనీసం 30 సెకన్లు, ఎక్కడా ఆపకుండా తియ్యి. వీధి, పక్క షాపులు, బోర్డు, నువ్వు తాళం తీసి షట్టర్ ఎత్తడం, లోపల మిషన్లు. కస్టమర్ల ముఖాలు పడకూడదు.

గాజువాకలో కూర్చుని 'దగ్గర్లో టైలర్' అని వెతికేవాళ్లకి నువ్వు రావు. దూరం మన చేతిలో లేదు, దిగులు పడకు. అలాగని షాపులో నీ ఫోన్లో వెతుక్కుని మొదట వచ్చానని మురిసిపోకు. పక్కనున్న ఇసుకతోటలో ఉన్నవాళ్లెవరినైనా వెతకమను.

రివ్యూ అడగాల్సింది జాకెట్టు ఇచ్చేటప్పుడు కాదు, వేసుకుని సరిపోయిందన్నాక. అప్పుడు లింకు వాట్సాప్‌లో పంపు. రివ్యూకి డిస్కౌంటు ఇవ్వకు. చుట్టాలందరి చేత ఒక్క రోజే రాయించకు, అవి నిలవవు. 'చంక దగ్గర బిగిసింది' అని ఎవరైనా రాస్తే వాదించకు. లోపల కుట్టులో గుడ్డ ఉంది, తీసుకొస్తే డబ్బు తీసుకోకుండా వదులు చేసిస్తానని జవాబు పెట్టు. ఆ జవాబు చదివేది రాసినావిడ కన్నా కొత్తగా రాబోయేవాళ్లు.

మధ్యాహ్నం భోజనానికి మూసే వేళ, సంక్రాంతి మూడు రోజుల సెలవు లిస్టింగ్ వేళల్లో ముందే పెట్టు. తెరిచి ఉందని చూసి వచ్చి తాళం చూసినవాళ్లు ఒక్క స్టార్ ఇచ్చి పోతారు.

మీ పెదనాన్న