కొన్న ప్రాజెక్టుకు సంతకం పెట్టకు

బిడ్డా, ఆశీస్సులు.

నువ్వు మెకానికల్ ఇంజనీరింగ్ లెక్చరర్‌గా చేరావని తెలిసి ఇంట్లో అందరం సంతోషించాం. క్లాసు ఎలా మొదలుపెట్టాలని అడిగావు కదా. లాగేకొద్దీ లోహం ఎంత సాగుతుందో చూపే స్ట్రెస్-స్ట్రెయిన్ గ్రాఫ్ బోర్డు మీద గీసేముందు, కడ్డీని లాగి తెంపే యూటీఎం మెషీన్ దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లు. మైల్డ్ స్టీల్ కడ్డీ నడుము సన్నబడి టప్పున తెగుతుంది. ఒక ముక్క చివర గిన్నెలా, రెండోది అందులో కూర్చునేలా మిగులుతుంది. కాస్ట్ ఐరన్ అయితే సన్నబడకుండానే అడ్డంగా విరుగుతుంది. ఆ ముక్కలు చేతుల్లో తిరిగాక గ్రాఫ్ గియ్యి. సిలబస్ వెనకబడుతోందని హెచ్‌ఓడీ అంటే అననీ.

నీకు అసలు టెన్షన్ ఫైనలియర్ ప్రాజెక్టులతోనే. అమీర్‌పేట్‌లో డబ్బులిస్తే మోడలూ రిపోర్టూ కలిపి చేతికిస్తారు. తెలిసో తెలియకో నేనూ ఒకసారి అలాంటిదానికి సంతకం పెట్టాను. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ రిపోర్టు తిరగేసి, "6204 బేరింగ్ అని రాశారు, షాఫ్ట్ ఎంత?" అన్నారు. బేరింగ్ నంబరులో చివరి 04ను 5తో గుణిస్తే అందులో పట్టే షాఫ్ట్ వ్యాసం వస్తుంది, 20 మిల్లీమీటర్లు, అంతే. ఆ ప్రాజెక్టు పిల్లలు నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన వాళ్లను వదిలేసి నావైపు చూశారు. ఆ చూపు రిటైరయ్యాక కూడా నన్ను వదల్లేదు.

ఆ తర్వాత నా బ్యాచ్‌లకు ఒకటే షరతు పెట్టాను: బేరింగ్ రాణీగంజ్‌కు వెళ్లి మీరే కొనాలి, షాఫ్ట్ బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో లేత్ పక్కన నిలబడి తీయించుకోవాలి. ఒక బ్యాచ్ డ్రాయింగ్‌లో ప్రతి కొలతకూ టాలరెన్స్, అంటే ఒప్పుకునే తేడా, ±0.01 మిల్లీమీటర్లు పెట్టింది. లేత్ మీద ఉన్నాయన చూసి, "ఇది రాకెట్‌కు పెడతారా తమ్ముడూ?" అన్నాడట. టాలరెన్స్ మీద నేను చెప్పిన పాఠాలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. మోడల్ చివరికి సరిగ్గా తిరగకపోయినా ఫర్వాలేదు. ఎందుకు తిరగలేదో కొలిచి చెప్పగలిగితే మార్కులు వెయ్యి.

ఒత్తిడి ఎక్కడ ఎంతో లెక్కగట్టే యాన్సిస్ సాఫ్ట్‌వేర్ రంగుల బొమ్మలు పిల్లలు తెచ్చి చూపించినప్పుడు మాత్రం మురిసిపోకు. ముందు చేత్తో లెక్క చెయ్యమను. స్టీలు స్కేలును బల్ల అంచుకు బిగించి, చివర చిన్న బరువు వేలాడదీయించు. బల్ల బయటికున్న పొడవు రెట్టింపు చేస్తే, అదే బరువుకు వంపు ఎనిమిది రెట్లవ్వాలి. ఇది కళ్లతో చూసినవాడు సాఫ్ట్‌వేర్‌లో వస్తువును చిన్న ముక్కలుగా విడగొట్టే మెష్ తప్పయితే పసిగడతాడు.

రీసెర్చ్ గురించి ఎక్కువ చెప్పను. తొమ్మిది ప్రయోగాలతో సరిపెట్టే ఎల్9 పట్టిక వేసి, ఆ తొమ్మిదీ ఒక్కోసారే చేసి, పేపర్ అచ్చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నువ్వు ప్రతి రీడింగూ కనీసం మూడుసార్లు తియ్యి. మూడూ కలవకపోతే, నీ ప్రశ్న అక్కడే ఉంది. డబ్బు కట్టగానే వేసే జర్నల్స్ జోలికి పోకు, ప్రమోషన్ ఏడాది ఆలస్యమైనా సరే. ల్యాబ్ అసిస్టెంట్‌తో చాయ్ తాగుతూ ఉండు, ఏ మెషీన్ ఎక్కడ మొరాయిస్తుందో చెప్పేది ఆయనే.

నా పాత వెర్నియర్ కాలిపర్ నీకోసం తీసిపెట్టాను, ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. దానికి 0.04 మిల్లీమీటర్ల జీరో ఎర్రర్ ఉంది, అంటే దవడలు మూసినా సున్నా చూపదు, తర్వాత చెప్పలేదనకు.

మీ సార్