ప్లెజర్ అనే మాట యాడ వాడాల, యాడ వాడగూడదు

అల్లుడూ,

బెంగళూరులో హోటల్ ఫ్రంట్ డెస్క్‌లో చేరినావని మీ అమ్మ చెప్పింది, శానా సంతోషం. అనంతపురంలో కూచోని ఈ మామ ఇంగ్లీషు చెప్పేదేంది అనుకోవాకు, పుట్టపర్తిలో లాడ్జి కౌంటర్‌లో ఏండ్ల తరబడి ఫారినర్స్‌తో మాట్లాడి నేర్చుకున్న ఇంగ్లీషు నాది. నీకు రోజూ పనికొచ్చే మాట ప్లెజర్, దాని సంగతి చెప్తా.

గెస్టు థాంక్యూ అంటే మనోళ్లు నో మెన్షన్ అంటారు, అది మన దేశం దాటితే నడవదు. మై ప్లెజర్ అను. అదే గెస్టు ఈ బ్యాగు రూముకు పంపిస్తారా అని అడిగినాడనుకో, అప్పుడు విత్ ప్లెజర్. పనికి ముందు విత్, పని అయినాక మై, తారుమారు చేస్తే అర్థమవుతాది గానీ మొహం ఒక మాదిరి పెడతారు. కొందరు ద ప్లెజర్ ఈజ్ ఆల్ మైన్ అని ఎత్తుకుంటారు, బాత్రూమ్ యాడుందో చూపించినదానికి అంత దండకం యాలప్పా, యూ ఆర్ వెల్‌కమ్ చాలు.

పరిచయం చేసుకునేటప్పుడు ఐ యామ్ ప్లెజర్ టు మీట్ యూ అనొద్దు. ఐ యామ్ ప్లీజ్డ్, లేకుంటే ఇట్స్ ఎ ప్లెజర్, ఏదో ఒకటి పట్టుకో.

ఇంగ ఇది గట్టిగా గుర్తు పెట్టుకో. గెస్టును సంతోషపెడతాం అనాలని ప్లెజర్‌ను క్రియ చేసి వీ విల్ ప్లెజర్ యూ అన్నావంటే కొంప మునుగుతాది, దానికి పడగ్గది అర్థం వస్తాది, ఆడగెస్టుతో అంటే కంప్లయింట్ రాయడం ఖాయం.

ఫారినర్ వస్తే వాళ్ల వివరాలతో ఫారం నింపాల గదా, ఏం పని మీద వచ్చినారో కనుక్కునేటప్పుడు బిజినెస్ ఆర్ ప్లెజర్ అంటారు. ఆడ ప్లెజర్ అంటే ఊరికే తిరిగి చూసిపోను వచ్చినాడని, అంతే, పక్కనోణ్ని చూసి నవ్వొద్దు.

నవ్వొచ్చే సంగతి ఇంకోటుంది, మీ నాయన ట్రెజరీ ఉద్యోగం గూడా ప్లెజర్ మీదే నడుస్తాండాది. రాజ్యాంగం 310 ఆర్టికల్ ప్రకారం రాష్ట్ర ఉద్యోగులు గవర్నర్ ప్లెజర్ ఉన్నన్నాళ్లే పనిలో ఉంటారు, ఆడ దానర్థం సంతోషం కాదు, చిత్తం. 311 అడ్డం ఉంది కాబట్టి ఊరికే తీసెయ్యను కాదులే. ఇంగ్లండులో అయితే జైల్లో ఉన్నోణ్ని ఎట్ హిజ్ మెజెస్టీస్ ప్లెజర్ ఉన్నాడంటారు, లోపలున్నోడికి ఏం ప్లెజరో.

పలికేటప్పుడు నడిమధ్య జ మన జనం లో జ కాదు, షకూ జకూ మధ్యలో వస్తాది, టెలివిజన్ అని ఇంగ్లీషోళ్లు అంటారే అట్లా. యూట్యూబ్‌లో రెండు మూడు సార్లు విను.

మెయిల్‌లో ఈ మాట జోలికే పోవాకు, వీ ఆర్ ప్లీజ్డ్ టు కన్ఫర్మ్ యువర్ బుకింగ్ అని రాయి. మొదటి మెయిల్ పంపేముందు నాకు వాట్సాప్ చెయ్, చూసి చెప్తా.

మీ మామ