యూకేలో ప్లేస్‌మెంట్ ఇయర్ ఉన్న రెండేళ్ల ఎమ్మెస్సీ తీసుకోవచ్చా? ఆ ఏడాది ఎలా ఉంటుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: బీటెక్ ఈ ఏడాదే పూర్తయింది, ఉద్యోగానుభవం లేదు. డేటా అనలిటిక్స్ ఎమ్మెస్సీకి రెండు ఆఫర్లు చేతిలో ఉన్నాయి. ఒకటి ఏడాది కోర్సు, రెండోది కంపెనీలో ఏడాది పనిచేసే అవకాశంతో రెండేళ్ల కోర్సు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ కాబట్టి రెండోదే తీసుకోమని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. నేను చదివింది ఆ రెండో రకం కోర్సే, కోవెంట్రీలో. ఏడాది పని మిల్టన్ కీన్స్‌లో, సూపర్‌మార్కెట్లకు సరుకు పంపే ఒక పెద్ద సంస్థ ఆఫీసులో. దాని పేరు ఇక్కడ అనవసరం.

ముందు చేదు సంగతి చెప్పేస్తాను. ఆ ఉద్యోగం యూనివర్సిటీ ఇచ్చేది కాదు. మన ఇంజినీరింగ్ కాలేజీలకు వచ్చినట్టు కంపెనీలు వచ్చి, పరీక్ష పెట్టి, జాబితా గోడకు అంటించి వెళ్లవు. మీరే వెతుక్కోవాలి. యూనివర్సిటీలోని ప్లేస్‌మెంట్ ఆఫీసు సీవీ దిద్దుతుంది, ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెడుతుంది, మీరు తెచ్చుకున్న ఉద్యోగం కోర్సుకు సంబంధించినదో కాదో చూసి ఆమోదిస్తుంది. అంతవరకే దాని పని. పెద్ద కంపెనీలు మరుసటి వేసవిలో మొదలయ్యే ఉద్యోగాలకు అంతకు ముందు సెప్టెంబరు, నవంబరు మధ్యలోనే దరఖాస్తులు తీసుకుంటాయి. అంటే మీరు సూట్‌కేసు విప్పి, గది వెతుక్కుని, బ్యాంకు ఖాతా తెరిచే రోజుల్లోనే అసలు పోటీ మొదలైపోతుంది. జనవరిలో చేరేవాళ్లకు ఆ మొదటి విడత దాటిపోయే ఉంటుంది. చిన్న కంపెనీల ప్రకటనలు వసంతకాలం వరకు వస్తుంటాయి కాబట్టి అప్పటికీ దారి మూసుకుపోదు.

దరఖాస్తు తర్వాత ఆన్‌లైన్‌లో అంకెల పరీక్ష, ఆపైన కెమెరా ముందు ఒంటరిగా కూర్చుని జవాబులు రికార్డు చేసే ఇంటర్వ్యూ, చివరికి ఆరేడుగురిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి చర్చింపజేసే రోజు. అన్నిటికంటే చికాకు పెట్టేది దరఖాస్తులోని ఒక గడి: మీకు వీసా స్పాన్సర్‌షిప్ (అంటే కంపెనీయే మీ వర్క్ వీసాకు పూచీగా నిలవడం) కావాలా? కోర్సులో భాగంగా చేసే పనికి స్టూడెంట్ వీసానే సరిపోతుంది, కంపెనీ స్పాన్సర్ చేయనక్కర్లేదు. ఈ సంగతి చాలా కంపెనీల హెచ్‌ఆర్ వాళ్లకే తెలియదు. ప్లేస్‌మెంట్ ఆఫీసు నుంచి ఒక లేఖ తీసుకుని దగ్గర పెట్టుకోండి, అడిగినప్పుడల్లా పంపవచ్చు.

ఇక డబ్బు సంగతి. నా జీతం ఏడాదికి 22,000 పౌండ్లు. మొదటి 12,570 పౌండ్ల మీద ఆదాయపు పన్ను ఉండదు, ఆపైన 20 శాతం, జీతంలోంచి కోసే నేషనల్ ఇన్సూరెన్స్ అనే సామాజిక భద్రత చందా వేరే. నెలకు దాదాపు 1,600 చేతికొచ్చేది. గది అద్దె, రైలు, తిండి పోను కొంత ఇంటికి పంపగలిగాను, అప్పు తీర్చేంత మాత్రం కాదు. ఒక జాగ్రత్త: చదువులో తప్పనిసరి భాగంగా, ఏడాది మించకుండా చేసే పనికి అక్కడి చట్టం ప్రకారం కనీస వేతనం ఇవ్వాల్సిన పని లేదు. ఆ వెసులుబాటు చూసుకుని ఉచితంగా పని చేయించుకునే చిన్న సంస్థలూ తగులుతాయి.

ఇక ఆ ఏడాది ఎలా గడిచిందంటే, మొదటి రెండు నెలలు నాకు అప్పగించిన పని చూసి ఇందుకేనా ఎమ్మెస్సీ అనిపించింది. ఎప్పుడో మానేసి వెళ్లిపోయిన ఉద్యోగి ఒకరు కట్టిన ఎక్సెల్ ఫైలు అది. ఏ డిపోలో ఎంత సరుకు ఉంది, ఎంత పాడైంది అన్నది నెలనెలా అందులోంచి తీసేవారు. తెరవడానికే చాలాసేపు పట్టేది. లోపల ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి వేలాడే సూత్రాలు. దాన్ని పవర్ బీఐ అనే రిపోర్టుల సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాలి. మార్చాను, కానీ కొత్త రిపోర్టులోని అంకెలు పాతదానితో ఏ నెలా కలవవు. ఏడాది మొత్తం మాత్రం ఇంచుమించు సరిపోతోంది! సూత్రాలన్నీ వరుసగా పరీక్షించినా ఫలితం లేదు. మా వరుసకు అవతలి చివర ఆర్డర్లు చూసే ఒక పెద్దావిడ ఉండేవారు, పాతికేళ్లుగా అదే సంస్థలో. ఆవిడకు చూపిస్తే ఒక్క నిమిషంలో తేల్చేశారు: మనం క్యాలెండరు నెలలు లెక్కపెట్టం బాబూ, నాలుగు వారాలు, నాలుగు వారాలు, ఐదు వారాలు.

రిటైల్ రంగంలో ఇది మామూలు పద్ధతేనని తర్వాత తెలిసింది. మూడు నెలల పదమూడు వారాలను 4-4-5గా విడగొడతారు. అలా చేస్తే ఒక వ్యవధిలో నిరుడు ఎన్ని శని, ఆదివారాలు పడ్డాయో ఈ ఏడాదీ అన్నే పడతాయి, నిరుటి అమ్మకాలతో పోల్చడానికి వీలవుతుంది. ఏడాదికి 52 వారాలే కాబట్టి మిగిలిపోయే రోజులన్నీ పోగుపడి ఐదారేళ్లకొకసారి 53వ వారం వస్తుంది. ఆ ఫైలులో ఈ ముక్క ఎక్కడా రాసి లేదు. క్లాసులో మాకు ఇచ్చిన డేటాలో నెల అంటే నెలే. ఆఫీసు డేటాలో నెల అంటే ఏమిటో ఆ ఆఫీసు మనుషుల్ని అడిగితేనే తెలుస్తుంది.

మనవాళ్లలో చాలామందికి కష్టమయ్యేది సరిగ్గా ఇక్కడే. తెలియదని చెబితే చులకనైపోతామని తలవంచుకుని మనమే తేల్చేసి, పూర్తయ్యాక చూపించాలనుకుంటాం. అక్కడ అది చెల్లదు. ఆరు నెలల సమీక్షలో మా మేనేజర్ అన్న మాట: పని బాగుంది, ఎక్కడ చిక్కుకున్నావో మాత్రం శుక్రవారం దాకా నాకు తెలియడం లేదు. ఆ తర్వాత రోజూ ఉదయం పావుగంట సమావేశంలో సగం చేసిన పనినే చూపించడం అలవాటు చేసుకున్నాను. ఆయన తిట్టేవాడు కాదు, మెచ్చుకునే తీరూ అంతంతే. ‘ఇంకొకసారి చూస్తే బాగుంటుందేమో’ అన్నాడంటే మొత్తం మళ్లీ చేయమని. దాన్ని సలహాగా తీసుకుని వదిలేసిన తోటి విద్యార్థి ఒకరు చాలా ఇబ్బంది పడ్డారు.

ఇంకో సంగతి, టీ. ఎవరికి తాగాలనిపిస్తే వాళ్లు లేచి తమ వరుసలో అందరినీ అడిగి పెట్టి తేవాలి. డైరెక్టరైనా అంతే. వంటగది అలమర తలుపు లోపల ఒక కాగితం అంటించి ఉండేది: ఎవరికి పాలు ఎంత, చక్కెర ఎన్ని చెంచాలు. ఆ కాగితంలో పేరెక్కాకే నాతో మాట్లాడేవాళ్లు పెరిగారు. ఆర్డర్ల ఆవిడ పరిచయమైందీ కెటిల్ దగ్గరే.

డిసెంబరు, జనవరి నెలల్లో చీకట్లో వెళ్లి చీకట్లో రావడం, నివేదిక రాయడం, యూనివర్సిటీ నుంచి ట్యూటర్ వచ్చి చూసి వెళ్లడం, ఇవన్నీ ఉంటాయి. వాటికి ఎవరైనా అలవాటు పడతారు.

ఏడాది చివర ఆ సంస్థ నన్ను ఉంచుకోలేదు. కొత్త నియామకాలు ఆపేశారు. ఒకవేళ ఉంచుకోవాలనుకున్నా, కోర్సు చివర రాసే పెద్ద ప్రాజెక్టు వ్యాసం, అంటే డిసర్టేషన్, మిగిలి ఉంటే మధ్యలో వర్క్ వీసాకు మారడానికి 2023 జూలై నుంచి నిబంధనలు ఒప్పుకోవు. అయితే తర్వాత దొరికిన ఉద్యోగం ఇంటర్వ్యూలో ఎక్కువసేపు అడిగింది ఆ 4-4-5 గురించే.

మీ విషయానికి వస్తే, అనుభవం లేదు కాబట్టి ఏడాది కోర్సు కంటే రెండేళ్లదే మీకు నయమని నా అభిప్రాయం, ప్లేస్‌మెంట్ దొరక్కపోయినా అప్పు భరించగలిగితేనే. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు చదువయ్యాక ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతోంది. ఇప్పుడు చేరితే మీరు ఆ లెక్కలోకే వస్తారు. అందుకే అక్కడ ఉండగానే సంపాదించుకునే అనుభవానికి విలువ పెరిగింది. వీసాతో పాటు కట్టే ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు, రెండేళ్ల కోర్సుకు ఆ భారం కూడా పెరుగుతుంది.

డబ్బు కట్టే ముందు యూనివర్సిటీకి నేరుగా మెయిల్ పెట్టి అడగండి: ప్లేస్‌మెంట్ దొరకకపోతే ఏం చేస్తారు? ఆ ఏడాదికి ఫీజు ఎంత? చాలాచోట్ల గడువులోగా దొరకనివాళ్లను ఏడాది కోర్సుకు మార్చేస్తారు, దాంతో వీసా గడువు కూడా తగ్గిపోతుంది. కొన్నిచోట్ల బదులుగా యూనివర్సిటీలోనే ప్రాజెక్టు ఇస్తారు. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన గ్యారంటీ మాట మీ ఆఫర్ లెటర్‌లో ఎక్కడుందో వాళ్లనే చూపించమనండి. నా లెటర్‌లో అయితే లేదు, నాతో చదివినవాళ్లలో ఎవరి లెటర్‌లోనూ చూడలేదు.