సీఎఫ్ కణాలకు సూడోమోనాస్ అంటుకునే లెక్క రోజుకో రకంగా ఎందుకొస్తుంది?

సిస్టిక్ ఫైబ్రోసిస్ (సీఎఫ్) అనే వంశపారంపర్య జబ్బున్న రోగి శ్వాసనాళం నుంచి వచ్చిన సీఎఫ్‌బీఈ కణాలకు సూడోమోనాస్ బ్యాక్టీరియా ఒకరోజు మామూలు కణాలకంటే ఐదు రెట్లు ఎక్కువ అంటుకుంటోంది, వారం తిరిగేసరికి తేడానే కనబడటం లేదు, లోపం బ్యాక్టీరియాలోనా కణాల్లోనా అని కదా మీరు అడిగింది. చాలాసార్లు రెండింటిలోనూ కాదండీ, కణాల మధ్య ఖాళీల్లో ఉంటుంది.

బిగుతుగా అల్లుకున్న కణాల పొర పైభాగానికి సూడోమోనాస్ పెద్దగా అంటుకోదు. పొర చిరిగి, కణం పక్కభాగమో అడుగుభాగమో బయటపడిన చోట మాత్రం గుంపు కడుతుంది. వెల్ (కణాలు పెంచే ప్లేటులోని గుంట) 80 శాతమే నిండితే మీరు లెక్కపెడుతున్నది చాలావరకు ఆ అంచుల మీది బ్యాక్టీరియానే. పైగా ఖాళీగా ఉన్న ప్లాస్టిక్‌కూ, దాని మీద పూసిన కొలాజెన్‌కూ కూడా అది అంటుకుంటుంది. అందుకే పొర పూర్తిగా నిండాక ఇంకో రెండు మూడు రోజులు ఆగండి. ట్రాన్స్‌వెల్ (అడుగున సన్న రంధ్రాల పొర ఉండే వెల్) ఉంటే కణాల పొర విద్యుత్ నిరోధం కొలిచి, నిరోధం పడిపోయిన వెల్స్ పక్కన పెట్టేయండి.

ఇంకో మాట. సీఎఫ్‌బీఈని 16హెచ్‌బీఈ అనే మామూలు శ్వాసనాళ కణాలతో పోల్చకండి. ఆ రెండూ వేర్వేరు మనుషుల కణాలు, తేడాలన్నీ సీఎఫ్‌టీఆర్ (సీఎఫ్‌లో చెడిపోయే జన్యువు, దాని ప్రొటీన్) వల్లే వచ్చినవి కావు. సరైన సీఎఫ్‌టీఆర్ జన్యువు తిరిగి చేర్చిన సీఎఫ్‌బీఈ కణాలే సరైన జోడీ.

ఇక పద్ధతి. 24 వెల్ ప్లేట్, వెల్‌కు సుమారు 2 లక్షల కణాలు. ముందురోజే యాంటీబయాటిక్ లేని మీడియంకు మార్చాలి. ఇది మర్చిపోతే మిగతాదంతా వృథా. రాత్రంతా పెరిగిన బ్యాక్టీరియాను నేరుగా వాడకుండా, కొత్త ఎల్బీలో (బ్యాక్టీరియాను పెంచే ద్రవం) ఓడీ (ద్రవం ఎంత మసకబారిందన్న కొలత) 0.5 దాకా పెంచి, పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో ఒకసారి కడగండి. ఇక్కడ వోర్టెక్స్ యంత్రంతో గిరగిరా కలపడం వద్దు, సన్న టిప్పుతో గట్టిగా లాగి వదలడమూ వద్దు. అంటుకోవడానికి పనికొచ్చే పిలై వెంట్రుకల్లాంటివి, ఇట్టే తెగిపోతాయి. సెంట్రిఫ్యూజ్‌లో 3,000 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పి, ట్యూబును మెల్లగా అటూ ఇటూ వంచి కలిపితే చాలు. కణానికి 20 బ్యాక్టీరియా చొప్పున వేసి 37 డిగ్రీల్లో ఒక గంట ఉంచండి. రెండు గంటలు దాటితే అంటుకున్నవెన్నో, అక్కడే పుట్టినవెన్నో విడదీయలేరు.

తర్వాత పీబీఎస్‌తో ఐదుసార్లు కడగండి, ధార వెల్ గోడ మీద పడాలి. చివరిసారి కడిగిన ద్రావణాన్నీ ఒక అగర్ ప్లేటు మీద వేసి చూడండి. అందులో కాలనీలు తగ్గకపోతే కడగడం సరిపోలేదన్నమాట. కణాలను పగలగొట్టే డిటర్జెంట్ ట్రైటాన్ 0.1 శాతంది 1 మి.లీ. పోసి 10 నిమిషాలయ్యాక పలుచన చేసి, కాలనీలు లెక్కపెట్టడానికి అగర్ మీద ప్లేట్ చేయండి. అదే ట్రైటాన్‌లో ఒట్టి బ్యాక్టీరియాను అంతే సేపు ఉంచి, అది వాటిని చంపడం లేదని ఒకసారి తేల్చుకోండి.

లెక్క ఇలా చూడండి: వందో వంతు పలుచనలోంచి 100 మైక్రోలీటర్లు వేస్తే 84 కాలనీలు వచ్చాయనుకుందాం. 84 × 10 × 100, అంటే వెల్‌కు 84,000. వేసినవి 40 లక్షలు గనక 2.1 శాతం. కణాలు లేకుండా పూత మాత్రమే వేసిన వెల్‌లో 30,000 వస్తే? మీ 84,000లో ప్లాస్టిక్ వాటా ఎంతో ఆలోచించండి. ఈ కంట్రోల్ లేని గ్రాఫును నేనైతే నమ్మను. వేసిన 40 లక్షలు కూడా ఓడీ చూసి అనుకున్నవి కాకుండా, ప్లేట్ చేసి లెక్కించినవే కావాలి.

ఏది దేనికి అంటుకుంటుందన్నది పాత తగువు. పిలై కొనలు ఏసియాలో జీఎం1 అనే గ్లైకోలిపిడ్‌ను పట్టుకుంటాయనీ, సీఎఫ్ కణాల పైన అది ఎక్కువగా బయటపడి ఉంటుందనీ 1990ల్లో చూపించారు. సీఎఫ్‌టీఆరే బ్యాక్టీరియాను పట్టి లోపలికి తీసుకుంటుందన్నది రెండో పక్షం. ఏసియాలో జీఎం1 యాంటీసీరంతో (దాన్ని పట్టే యాంటీబాడీలున్న సీరం) అడ్డుకుని చూడాలనుకుంటే జాగ్రత్త, ఆ సీరం బ్యాక్టీరియానే పట్టుకోవచ్చు. ముందు సీరంలో ఒట్టి బ్యాక్టీరియా వేసి, ముద్దకడుతుందేమో చూడండి.

రోగి ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి ఉండిపోయిన బ్యాక్టీరియా ఎక్కువగా కణాల మీద కాకుండా, వాటికి కాస్త ఎడంగా, ఆక్సిజన్ అందని చిక్కటి కఫంలో గుంపులుగా కనిపిస్తుంది. కాబట్టి ఈ ప్రయోగం చెప్పేది ఇన్ఫెక్షన్ తొలి ఘడియల గురించే. పాత రోగుల నుంచి వచ్చిన రకాలు చాలావాటికి ఫ్లాజెల్లా (ఈదే తోక) ఉండదు, ఆల్జినేట్ జిగురు కప్పుకుని ఉంటాయి. ముద్దలు ముద్దలుగా ఉంటాయి గనక ఒక ముద్ద ఒకే కాలనీగా పెరిగి లెక్క తగ్గిస్తుంది. ల్యాబ్‌లో మళ్లీ మళ్లీ పెంచితే జిగురు పోగొట్టుకున్న కాలనీలూ పుడతాయి. అందుకే ఫ్రీజర్ స్టాక్ నుంచి ప్రతిసారీ కొత్తగా గీసుకోండి.

పీఏ14 అనే సూడోమోనాస్ రకం వాడుతున్నారా? దాని ఎక్సోయూ విషం కొన్ని గంటల్లోనే కణాలను చంపుతుంది. ఊడిన కణంతో పాటు దానికి అంటుకున్న బ్యాక్టీరియా కూడా కొట్టుకుపోయి, అంటుకోలేదన్నట్టు కనిపిస్తుంది. కడగడం అయ్యాక, ట్రైటాన్ పోసేముందు ప్రతి వెల్‌నూ మైక్రోస్కోపు కింద ఒకసారి చూడండి. పొరలో చిల్లులుంటే ఆ వెల్ లెక్కలో వద్దు.