మన దేశం గురించి చదవడానికి అమెరికా ఎందుకు?

ప్రశ్న: మాది నెల్లూరు దగ్గర పల్లె. ఇరవై రెండేళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మావారికి హార్డ్‌వేర్ షాపు ఉంది. మా అమ్మాయి ఇక్కడే బీఏ హిస్టరీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి. సౌత్ ఏషియన్ స్టడీస్‌లో పీహెచ్‌డీ చేసి యూనివర్సిటీలో ప్రొఫెసర్ అవుతానంటుంది. ఒక కన్సల్టెన్సీవాళ్లు లండన్‌లో ఏడాది ఎంఏ సీటు ఇప్పిస్తామన్నారు, అన్నీ కలిపి నలభై లక్షల దాకా అవుతుందట. "మన దేశం గురించి చదవడానికి పరాయి దేశం ఎందుకు? అమెరికా అయినా లండన్ అయినా ఒకటే కదా" అని మావారి వాదన. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. మేము తెలుగే మాట్లాడతాం గానీ తను స్కూల్లో ఫ్రెంచ్ తీసుకుంది, తెలుగు చదవడం రాదు. తమిళం మాట్లాడుతుంది, కూడబలుక్కుని చదువుతుంది. ఏం చేయమంటారు?
ఒక తల్లి, పెరంబూరు, చెన్నై

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం చదివాక నలభై లక్షల మాట కన్నా, చివర్లో మీరు మాటవరసకు రాసిన విషయమే నా మనసులో ఎక్కువగా మెదిలింది. అమ్మాయికి తెలుగు చదవడం రాదన్నారు. ఈ చదువుకు అసలు పెట్టుబడి భాష. దాని సంగతి తేలాకే లోన్ సంగతి. కానీ ముందు మీవారి ప్రశ్నకు జవాబు చెప్పాలి, ఎందుకంటే అది న్యాయమైన ప్రశ్న.

మన పెద్దవాళ్లకు పీఎల్ 480 గోధుమలు గుర్తుంటాయి. 1954లో అమెరికా చేసిన చట్టం అది. దాని కింద పంపిన గోధుమలకు మన ప్రభుత్వం రూపాయల్లోనే డబ్బు కట్టేది. అలా పోగుపడిన రూపాయల్లో కొంత తీసి, 1962 నుంచి అమెరికావాళ్ల లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో ఆఫీసు పెట్టి మన భాషల్లో అచ్చయిన పుస్తకాలూ పత్రికలూ కొని అక్కడి యూనివర్సిటీలకు పంపింది. మన ఇళ్లలో చదివి పాతపేపర్లవాడికి వేసేసిన తెలుగు పుస్తకాలు అమెరికాలో చికాగో, మాడిసన్ యూనివర్సిటీల లైబ్రరీ అరల్లో భద్రంగా ఉన్నది ఇందువల్లే. దానికి ముందే, 1958లో, విదేశీ భాషలు నేర్పే కేంద్రాలకు డబ్బిచ్చే చట్టం ఒకటి చేసుకున్నారు. రష్యాతో పోటీ నడుస్తున్న రోజులవి. ప్రపంచం గురించి తెలిసినవాళ్లు తమ దగ్గర ఉండాలన్నది వాళ్ల అవసరం. ఆ అవసరంలోంచే సౌత్ ఏషియన్ స్టడీస్ అన్న డిపార్ట్‌మెంట్లు బలపడ్డాయి. హిస్టరీ, సాహిత్యం, మతం, భాషాశాస్త్రం, సంగీతం అక్కడ ఒకే కప్పు కింద ఉంటాయి. మన దగ్గర తెలుగు ఒక డిపార్ట్‌మెంట్, హిస్టరీ ఇంకొకటి. ఒకరి సెమినార్‌కు ఇంకొకరు వెళ్లడం అరుదు. అక్కడ తెలుగు మీద పనిచేసేవాడి పక్క బల్ల మీద బంగ్లాదేశ్ మీద పనిచేసే అమ్మాయి కూర్చుంటుంది, ఆ పక్కన పారశీకం చదివేవాడు.

కాబట్టి అక్కడికి వెళ్లడంలో లాభం ఉంది. పుస్తకాలు, సహవాసం, ఐదారేళ్లు తిండికి లోటు లేకుండా చదువుకునే వీలు. ఆ చివరిది చాలా పెద్ద లాభం.

కానీ మీవారి ప్రశ్నకు రెండో సగం కూడా ఉంది. వాళ్లు రాసే పుస్తకాలకు మూలాలు ఎక్కడున్నాయి? చాలావరకు మీ ఊళ్లోనే ఉన్నాయి. కాలిన్ మెకంజీ అనే సర్వేయరు పోగుచేయించిన గ్రామ కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, సీపీ బ్రౌన్ సేకరించిన తెలుగు రాతప్రతులు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. ఇప్పుడది కోట్టూరుపురంలో, అన్నా శతాబ్ది గ్రంథాలయం భవనంలో ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలం నాటి రికార్డులు ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడికి దగ్గర్లోనే కన్నెమరా లైబ్రరీ, 1896లో తెరిచింది. మీ పెరంబూరులో 29సీ బస్సు ఎక్కితే అడయారు వస్తుంది, అక్కడ థియొసాఫికల్ సొసైటీవారి అడయారు లైబ్రరీ ఉంది. తరమణిలో రోజా ముత్తయ్య లైబ్రరీ. కోట్టైయూరులో సైన్‌బోర్డులు రాసుకునే ఒక పెద్దమనిషి జీవితమంతా కూడబెట్టిన తమిళ పుస్తకాలవి. ఆయన పోయాక చికాగో యూనివర్సిటీ కొని, దేశం దాటించకుండా 1994లో చెన్నైలోనే లైబ్రరీగా నిలబెట్టింది. విదేశీ స్కాలర్లు ఏళ్ల తరబడి గ్రాంటుల కోసం ఎదురుచూసి, వీసా తెచ్చుకుని, విమానం ఎక్కి ఈ గదుల్లోకి వస్తారు. మీ అమ్మాయి టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లిరావచ్చు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. మెకంజీకి ఆ కైఫీయతులు సేకరించిపెట్టిన వాళ్లలో ముఖ్యులు తెలుగువాళ్లు, ఏలూరుకు చెందిన కావలి సోదరులు. పెద్దవాడు బొర్రయ్య హళగన్నడ (పాత కన్నడ) శాసనాలు చదివి అర్థం చెప్పగలిగినవాడు, 1803లో చిన్న వయసులోనే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య, 1821లో మెకంజీ చనిపోయాక, ఆ పని తాను కొనసాగిస్తానని ముందుకొచ్చాడు. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీవాళ్లు ఒప్పుకోలేదు. ఇంత పెద్ద పనికి కావలసిన బుర్ర అతనికి లేదన్నట్టు తేల్చేశారు. ఇరవై ఏళ్లు ఊరూరా తిరిగి ఆ మూటలు కట్టినవాడి గురించి అన్న మాట అది. మన పిల్లలు ఈ రంగంలోకి వెళ్తామంటే నాకు సంతోషం కలగడానికి ఇదొక కారణం.

ఇప్పుడు భాష దగ్గరికి వస్తాను. ఈ రంగంలో పేరు తెచ్చుకున్నవాళ్లను చూడండి. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి 1957లో పెన్సిల్వేనియాలో పీహెచ్‌డీ చేశారు, తెలుగు క్రియాధాతువుల మీద. ఏ.కె. రామానుజన్ మైసూరులో తమిళ ఇంట్లో పుట్టి, వీధిలో కన్నడం మాట్లాడుతూ పెరిగి, 1962 నుంచి చికాగోలో పాఠాలు చెప్పారు. ప్రాచీన తమిళ సంగం పద్యాలనూ, కన్నడ శివభక్తుల వచనాలనూ ప్రపంచం ఆయన ఇంగ్లీషులోనే చదివింది. వెల్చేరు నారాయణరావు ఏలూరులో లెక్చరర్‌గా ఉండి, ఆ తర్వాత విస్కాన్సిన్ వెళ్లి దశాబ్దాల పాటు అక్కడ తెలుగు చెప్పారు. ఆయనతో కలిసి పనిచేసిన డేవిడ్ షూల్మన్ అమెరికాలో పుట్టి జెరూసలేంలో స్థిరపడిన మనిషి. తమిళం, తెలుగు, సంస్కృతం పట్టుబట్టి నేర్చుకున్నారు. ఇద్దరూ కలిసి అల్లసాని పెద్దన మనుచరిత్రను ఇంగ్లీషు చేశారు. బెంగళూరు ఇన్ఫోసిస్ నారాయణమూర్తి కుటుంబం ఇచ్చిన నిధితో నడిచే గ్రంథమాలలో అది 2015లో వచ్చింది, ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లీషు. వీళ్లందరి దగ్గరా ఉన్నది రెండు మూడు భాషల్లో పాత గ్రంథాన్ని సొంతంగా చదివే శక్తి. పెద్ద యూనివర్సిటీ పేరు దాని తర్వాత వచ్చింది.

అడ్మిషన్ కమిటీలో కూర్చున్నవాళ్లు మొదట చూసేది కూడా అదే. "ఏ భాషల్లో చదవగలవు? ఏ ప్రశ్న అడుగుతున్నావు?" మీ అమ్మాయికి చెవిలో తెలుగు ఉంది, నోట్లో తమిళం ఉంది. అమెరికాలో ఏ అయోవాలోనో పుట్టిన పిల్లకు ఆ చెవి రావడానికి ఆరేళ్లు పడుతుంది. మీ పిల్లకు అక్షరాలు రావడానికి ఆరు వారాలు చాలు, పేపరు ధారాళంగా చదవడానికి ఆరు నెలలు, పద్యం చేతికి రావడానికి రెండేళ్లు. ఇంత దగ్గర్లో ఉన్న ఆస్తిని వదిలేసి నలభై లక్షలు ఖర్చుపెట్టడం నాకు నచ్చడంలేదు.

అందుకే నా సలహా ఇది. లండన్ ఎంఏకు ఇప్పుడు అప్పు చేయకండి. చాలా ఏళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ఇలాగే ఇల్లు తాకట్టు పెట్టించి ఏడాది కోర్సుకు వెళ్లాడు. తొమ్మిది నెలల్లో పాఠాలు అయిపోయాయి, ఏ భాషా పట్టుబడలేదు. పీహెచ్‌డీకి అప్లై చేసే సమయానికి లోన్ కిస్తీలు మొదలయ్యాయి, కాల్ సెంటర్‌లో చేరిపోయాడు. అప్పుడు నేను ఇంకా గట్టిగా అడ్డుపడి ఉండాల్సిందని ఇప్పటికీ బాధపడతాను. ఫీజు కట్టనక్కర్లేని దారి ఉంటే లండన్ మంచిదే. మన దేశం పిల్లల కోసం ఫెలిక్స్ లాంటి స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి, ఆక్స్‌ఫర్డ్‌లోనూ లండన్‌లోని సోయాస్ అనే కాలేజీలోనూ చదవడానికి. అది వస్తే సంతోషంగా పంపండి. రాకపోతే వద్దు.

ఎంఏ ఇక్కడే చేయనివ్వండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌యూ లాంటి చోట్ల సీయూఈటీ పీజీ అనే ప్రవేశపరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకుంటే సీటు వస్తుంది, ఫీజు మీ షాపు ఒక నెల అద్దె కన్నా తక్కువే ఉండవచ్చు. చెన్నై వదలడం ఇష్టం లేకపోతే మద్రాస్ యూనివర్సిటీ ఉంది. అక్కడ హిస్టరీతో పాటు తెలుగు డిపార్ట్‌మెంట్ కూడా ఉంది, వెళ్లి అధ్యాపకులను కలిస్తే పాత పద్యాలు చదవడంలో ఎవరి సాయం తీసుకోవాలో చెబుతారు. ఈ రెండేళ్లలో తెలుగు చదవడం రాయడం, తమిళం ధారాళంగా చదవడం, వీలైతే సంస్కృతం మొదలుపెట్టడం. ఫ్రెంచ్‌ను కూడా వదలొద్దని చెప్పండి, పుదుచ్చేరిలో 1955 నుంచి ఉన్న ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌లో అది పనికొస్తుంది.

భాష తర్వాత రెండోది, పరిశోధనకు ఒక ప్రశ్న. "మన సంస్కృతి గొప్పతనం మీద పరిశోధన చేస్తాను" అని ఎస్ఓపీలో, అంటే అప్లికేషన్‌తో పంపే వ్యాసంలో, రాస్తే ఎవరూ సీటు ఇవ్వరు. మీకు దగ్గర్లో చూళైలో అవధానం పాపయ్య పేరుతో ఒక వీధి ఉంది. ఆయన పద్దెనిమిదో శతాబ్దపు చివర్లో కంపెనీ దొరల దగ్గర దుబాషీ, అంటే రెండు భాషల మనిషి. మద్రాసులో తెలుగు దుబాషీలు ఎవరు, ఏ ఊళ్ల నుంచి వచ్చారు, వాళ్ల డబ్బు ఏ గుళ్లకు, ఏ కవులకు, ఏ వీధులకు వెళ్లింది? ఇది ప్రశ్న. దీనికి జవాబు వెతకాలంటే తెలుగు, తమిళం, కంపెనీవాళ్ల ఇంగ్లీషు మూడూ కావాలి. ఇంకో ఉదాహరణ. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదని, అవి వేరే కుటుంబమని ఆధారాలతో మొదట అచ్చులో చూపించింది 1816లో మద్రాసులోనే. క్యాంప్‌బెల్ అనే దొర రాసిన తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ అనే కంపెనీ అధికారి రాసిన ముందుమాటలో ఉంది ఆ మాట, ద్రావిడ భాషల మీద పేరుపొందిన కాల్డ్‌వెల్ పుస్తకానికి నలభై ఏళ్ల ముందు. ఎల్లిస్‌కు ధాతువుల పట్టికలు అందించింది పట్టాభిరామశాస్త్రి లాంటి పండితులు. ఆ పండితుల కథ ఇంకా చాలా రాయవలసి ఉంది. ఇలాంటి చిన్న విషయం ఒకటి పట్టుకుని ఎంఏ డిసర్టేషన్ రాస్తే, పీహెచ్‌డీ అప్లికేషన్‌కు అడిగే రైటింగ్ శాంపిల్ అదే అవుతుంది.

అప్లై చేసేటప్పుడు యూనివర్సిటీ ర్యాంకు చూడొద్దు, గైడ్‌ను చూడాలి. తనకు నచ్చిన పుస్తకం రాసినవాళ్లు ఎక్కడ పాఠం చెబుతున్నారో చూసి, వాళ్లకు పది లైన్ల మెయిల్ రాయాలి. అమెరికాలో చికాగో, పెన్సిల్వేనియా, బర్కిలీ, విస్కాన్సిన్, ఎమరీ లాంటి చోట్ల మన ప్రాంతం మీద పని బలంగా జరిగింది. జర్మనీలో హైడల్‌బర్గ్‌లో 1962 నుంచి దక్షిణాసియా ఇన్‌స్టిట్యూట్ ఉంది. అమెరికాలో పీహెచ్‌డీకి మామూలుగా ఫీజు ఉండదు, స్టైపెండ్ ఇస్తారు. అది ఇవ్వని సీటు వస్తే సీటు రానట్టే లెక్క. అయితే దాచకుండా చెప్పాలి. ఇటీవల అక్కడ నిధులు తగ్గాయి, కొన్ని యూనివర్సిటీలు హ్యుమానిటీస్ పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి, కొన్నిచోట్ల ఒక ఏడాదికి ఆపేశాయి కూడా. అందుకని ఎంఏ రెండో ఏడాదిలో లెక్చరర్ అర్హతకు పెట్టే నెట్ పరీక్ష కూడా రాయించండి. అందులో జేఆర్ఎఫ్, అంటే పరిశోధనకిచ్చే ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు వస్తే మూలవేతనం 57,700 నుంచి మొదలు. కానీ ఆ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యం. గెస్ట్ లెక్చరర్‌గా కొన్నేళ్లు గడపాల్సి రావచ్చు. ముప్పై రెండేళ్లకు గానీ జీతం స్థిరపడదన్న సంగతి మీవారూ అమ్మాయీ ఇద్దరూ ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోవాలి.

ప్రొఫెసర్ పోస్టు రాకపోతే చదువు వృథా అవుతుందా అంటే, భాషలు వచ్చినవాళ్లకు పని ఉంటుంది. ఆర్కైవ్స్, మ్యూజియంలు, అనువాదం, పబ్లిషింగ్. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే సైన్సు సంస్థ కూడా 2019లో ఆర్కైవ్స్ తెరిచింది. జీతాలు సాఫ్ట్‌వేర్‌తో పోల్చదగ్గవి మాత్రం కావు.

ఈ వారం చేయదగ్గ పని ఒకటి ఉంది. కాలేజీ ఐడీ కార్డు, హెచ్ఓడీ దగ్గర ఒక లెటర్ తీసుకుని అమ్మాయిని కోట్టూరుపురం రాతప్రతుల లైబ్రరీకి వెళ్లమనండి. తాళపత్రం ఒకటి చూపించమని అడగాలి. అందులో అక్షరాలు తనకు ఇంకా అర్థం కావు. మీవారికి ఆదివారం షాపు సెలవైతే, ఆ రోజు నుంచే గంటసేపు తన పక్కన కూర్చుని ఓనమాలు రాయించమనండి.