కొమ్మ ఎక్కడ కొయ్యాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా గేటు ముందు పాతికేళ్ల పచ్చ తురాయి ఉంది. వానలు మొదలయ్యేలోపు పైన సగానికి కొట్టేస్తే గాలికి పడదని చెట్లు కొట్టేవాళ్లు అంటున్నారు. కొట్టించమంటారా?
(ఒక పాఠకురాలు, సైనిక్‌పురి)

జవాబు: వద్దండీ. అలా గుండు కొట్టిస్తే ఈ ఏడాది పడకపోవచ్చు గానీ, నాలుగేళ్ల తర్వాత విరగడానికి ఏర్పాటు ఇప్పుడే చేసినట్టవుతుంది. మోడైన ప్రతి కొమ్మ చివరా గుత్తులుగా నిలువు కొమ్మలు లేస్తాయి. వాటికి లోపలి చేవతో పట్టు ఉండదు, పై పొరలకే అతుక్కుని ఉంటాయి. అవి ఏపుగా పెరిగి బరువెక్కేసరికి కింద మోడు కుళ్లడం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం లేచే ఈదురుగాలికి ముందు విరిగేవి ఇవే. పైగా ఆకు ఒక్కసారిగా పోతే వేళ్లకు తిండి అందదు. అన్నాళ్లూ నీడలో ఉన్న బెరడు మే ఎండకు మాడి పగులుతుంది.

ఎండినవి, పగులు పట్టినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి, ఇంటి మీదికి మరీ చాచుకొచ్చినవి మాత్రం తీయించండి. పచ్చి ఆకులో పావు వంతుకు మించి ఒకే ఏడాది పోకూడదు. ముసలి చెట్టయితే అంతకన్నా తక్కువే. లోపలి రెమ్మలన్నీ గీకేసి కొసన కుచ్చు వదిలేయడం కూడా తప్పే. బరువంతా కొసకు చేరి కొమ్మ ఊగిపోతుంది.

ఇక కోత. కొమ్మ కాండంతో కలిసేచోట చుట్టూ ఉబ్బెత్తుగా, ముడతలు పడ్డ బెరడుతో ఒక పట్టీ కనిపిస్తుంది. గాయాన్ని మూసే శక్తి అంతా అక్కడే ఉంది, దాన్ని ముట్టుకోకూడదు. చేతి మణికట్టంత లావు దాటిన కొమ్మను మూడు కోతల్లో తీయాలి. మొదటిది కాండానికి అడుగు దూరంలో, కింది నుంచి పైకి, మందంలో మూడో వంతు వరకు. రెండోది దానికి రెండంగుళాలు అవతల, పైనుంచి కిందికి. అప్పుడు కొమ్మ బెరడు చీల్చుకుపోకుండా తెగి పడుతుంది. మిగిలిన మోడును మూడో కోతతో ఆ పట్టీకి సరిగ్గా బయట తీసేయాలి. కాండానికి నున్నగా కలిసేలా కోస్తే చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, చెట్టుకు మాత్రం చేటు. కోత సరిగ్గా పడిందో లేదో తర్వాత చెట్టే చూపిస్తుంది: గాయం చుట్టూ కొత్త బెరడు గుండ్రంగా గారెలా కమ్ముకొస్తే సరిగ్గా కోసినట్టు, రెండు పక్కలే పెరిగి పైనా కిందా ఖాళీగా ఉంటే లోతుగా కోసేసినట్టు.

తారు, పెయింటు, పేడ ఏవీ పూయనక్కర్లేదు. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి చూసి తేల్చిన సంగతి ఇది: పూత కుళ్లును ఆపదు. చెట్టే లోపల అడ్డుగోడ కట్టుకుని దెబ్బతిన్న కలపను వేరు చేసుకుంటుంది. మామిడికి బోర్డో పేస్టు పూస్తారు కదా అని అడగొచ్చు. అది బూజు తెగుళ్ల మందు, గాయాన్ని మాన్పేది కాదు.

పనివాళ్లతో బేరం ఆడేముందు తాడు, నడుముకు బెల్టు, హెల్మెట్ ఉన్నాయా చూడండి. బతికున్న చెట్టును ఇనుప ముళ్ల బూట్లతో ఎక్కనివ్వకండి, అడుగడుక్కీ ఒక గాయం. నిచ్చెన మీద నిలబడి మిషన్ రంపం పట్టేవాళ్లను వెనక్కి పంపేయండి.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో వేప చుట్టూ మొదలు దాకా టైల్స్ వేశారు. ఇప్పుడు ఆరడుగుల దూరంలో సంపు తవ్వుతామంటున్నారు. చెట్టు బతుకుతుందా?
(ఒక పాఠకుడు, నాచారం)

జవాబు: సంపు సంగతి ముందు తేల్చుకోండి. ఛాతీ ఎత్తులో కాండం చుట్టుకొలత కొలిచి 3.14తో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది. దానికి పన్నెండు రెట్ల దూరం వరకు నేలను తవ్వకూడదన్నది చెట్ల నిపుణులు పాటించే లెక్క. చుట్టుకొలత 125 సెంటీమీటర్లయితే అడ్డుకొలత 40, విడిచిపెట్టాల్సిన దూరం 4.8 మీటర్లు, అంటే దాదాపు పదహారడుగులు. ఆరడుగుల్లో జేసీబీ దిగితే ఆ వైపు చెట్టును నిలబెట్టే వేళ్లే తెగుతాయి. ఆకు మాత్రం పచ్చగానే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. రెండు మూడేళ్లకు ఏ గాలివానకో చెట్టు వేళ్లతో సహా ఒరుగుతుంది. తప్పును వాన మీదికి తోసేస్తాం.

టైల్స్‌ను కాండం చుట్టూ కనీసం మీటరు మేర తీయించండి. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు దాకా కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది. మీ అసోసియేషన్ మీటింగులో చెప్పడానికి పనికొస్తుంది. టైల్స్ తీశాక గడ్డపారతో లోతుగా పొడవకండి, నీరు పీల్చే సన్న వేళ్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. పైపైన గుల్ల చేసి రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులు పరచండి. అవి కాండానికి తగలకుండా జానెడు ఎడం ఉంచాలి. మొదలు చుట్టూ మట్టి గుట్టగా పోయడం మన దగ్గర మామూలే గానీ దాంతో బెరడు చెమ్మకు కుళ్లుతుంది.

ప్రశ్న: పెరట్లో పాత చింతచెట్టుకు తొర్ర పడింది. సిమెంటుతో పూడ్చాలా, కొట్టించేయాలా?
(ఒక పాఠకుడు, కార్వాన్)

జవాబు: రెండూ తొందరపాటే. గోల్కొండ నయా ఖిల్లాలో వందల ఏళ్లనాటి ఆ బ్రహ్మామ్లిక (బావోబాబ్) చెట్టు చూశారుగా, లోపల మనుషులు పట్టేంత బోలు. అది వేరే జాతి, చింతతో పోల్చి ధీమా పడమని కాదు. తొర్ర అనగానే గొడ్డలి ఎత్తనక్కర్లేదని చెప్పడం వరకే.

బరువు మోసేది చుట్టూ ఉన్న గట్టి కలప. చెక్క సుత్తితో కాండం చుట్టూ కొడుతూ పోండి. బోలు శబ్దం వచ్చినచోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. గట్టి కలప మందం కాండం వ్యాసార్థంలో మూడో వంతయినా ఉంటే సాధారణంగా నిలుస్తుంది. అంతకు తగ్గినా, తొర్ర ఒక పక్కకు పెద్దగా తెరుచుకున్నా, మొదట్లో అరల్లాంటి గట్టి పుట్టగొడుగులు వచ్చినా, వేళ్ల దగ్గర నేల పగిలి లేచినా నిపుణుణ్ణి పిలవాల్సిందే. సిమెంటు మాత్రం వద్దు. గాలికి కాండం ఊగుతుంది, సిమెంటు ఊగదు. మధ్య సందులో నీరు చేరి కుళ్లు పెరుగుతుంది.

ప్రశ్న: వేపచెట్టు కొమ్మల చివర్లు కాలినట్టు ఎండిపోతున్నాయి. కొట్టేయాలా?
(ఒక పాఠకురాలు, ఉప్పల్)

జవాబు: కొట్టకండి. ఇది ఫోమోప్సిస్ అనే శిలీంద్రం తెచ్చే కొమ్మఎండు తెగులు కావచ్చు. తెలంగాణ అంతటా కనిపించిందే. చాలా చెట్లు మళ్లీ చిగురిస్తాయి. ఎండిన కొసలు తీసి అక్కడినుంచి దూరంగా పంపేయండి. మందు కొట్టిన చెట్టు పుల్లను పళ్లకు, పువ్వును ఉగాది పచ్చడికి వాడకండి.

ప్రశ్న: సొంత స్థలంలో చెట్టు కొట్టడానికి అనుమతి ఎందుకు?
(ఒక పాఠకుడు, మియాపూర్)

జవాబు: 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం అడుగుతుంది కాబట్టి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. మిగతా వాటికి అటవీ శాఖకు దరఖాస్తు చేయాలి. చెట్టు ఫొటోలు, కొట్టడానికి కారణం దగ్గర పెట్టుకోండి. కొమ్మ కరెంటు తీగకు ఆనుకుని ఉంటే మాత్రం మీరూ మీ పనివాళ్లూ రంపం పట్టొద్దు. విద్యుత్ సంస్థకు ఫిర్యాదు చేసి, లైను ఆపించాకే చెట్టు దగ్గరికి వెళ్లండి. పచ్చి కొమ్మలోంచి కరెంటు పాకుతుంది.