టెక్ సందేహాలు: రాత్రిపూట ఉబ్బుతున్న కెపాసిటర్లు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి. తమ కెపాసిటర్ బ్యాంకులు (పవర్ ఫ్యాక్టర్‌ను, అంటే లాగిన విద్యుత్తులో నిజంగా పనికొచ్చే పాలును, పెంచడానికి కలిపే కెపాసిటర్ల గుంపులు) ఓవర్‌వోల్టేజి (ఉండవలసినదానికంటే ఎక్కువ వోల్టేజి) వల్ల పాడవుతున్నాయని నలుగురు పాఠకులూ అనుమానిస్తున్నారు. అనుమానం సరైనదే గాని, నలుగురినీ వేధిస్తున్న ఓవర్‌వోల్టేజి మాత్రం ఒకటి కాదు. క్షణంలో వెయ్యో వంతు కూడా నిలవకుండా వచ్చిపోయేది ఒకటి, గంటల తరబడి తిష్ఠవేసేది మరొకటి, బస్‌బార్ (కరెంటును పంచే లోహపు కడ్డీ) మీటరుకు కనబడకుండా బ్యాంకు లోపలే పుట్టేది ఇంకొకటి. ఒకదానికి పెట్టిన కాపలా రెండోదాన్ని చూడనైనా చూడదు కాబట్టి, మిగతా ప్రశ్నలను వచ్చేసారికి ఉంచి ఈ నాలుగింటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా ప్యానెల్‌లో 400 వోల్టుల కెపాసిటర్లతో 400 కేవార్ (కెపాసిటర్ల సామర్థ్యానికి కొలత) ఆటోమేటిక్ బ్యాంకు ఉంది, 50 కేవార్ చొప్పున ఎనిమిది స్టెప్పులు (కంట్రోలర్ విడివిడిగా కలిపి తీసే భాగాలు). ట్రాన్స్‌ఫార్మర్ 1000 కేవీఏ, ఇంపీడెన్సు (కరెంటుకు ఎదురయ్యే అడ్డు) 5 శాతం, ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్. డ్రైవులతో (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పరికరాలతో) నడిచే మోటార్లు చాలా ఉన్నాయి. ఏడాదిలో మూడు కెపాసిటర్లు ఉబ్బిపోతే పిడుగుల వల్లనేమో అనుకుని సర్జ్ అరెస్టర్ (క్షణికంగా ఎగసే వోల్టేజిని అదుపు చేసే పరికరం) పెట్టించాము. ఆ తరువాత కూడా రెండు పోయాయి. రాత్రిపూట వోల్టేజి 438 దాకా చూపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: సర్జ్ అరెస్టర్ పనిచేయలేదని మీరు దాన్ని తప్పుపట్టనక్కరలేదు, దాని పని అది కాదు. రెండు ఫేజుల మధ్య 438 వోల్టులంటే ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య సుమారు 253 వోల్టులు. ఇటువంటి ప్యానెళ్లలో సాధారణంగా వాడే అరెస్టరు 275 వోల్టులను నిరంతరం తట్టుకునేలా తయారవుతుంది, సర్జ్ వచ్చినప్పుడు దాన్ని ఒకటిన్నర కిలోవోల్టు దరిదాపుల్లో అదుపు చేస్తుంది. అంటే మీ 438 వోల్టులు దాని దృష్టిలో మామూలు వోల్టేజే. ఒకవేళ తక్కువ వోల్టేజి అరెస్టరు తెచ్చి పెడితే అది రాత్రంతా కరెంటు లాగుతూ వేడెక్కి తానే కాలిపోతుంది తప్ప కెపాసిటర్లను కాపాడదు.

మీ కెపాసిటర్లను తింటున్నది గంటల తరబడి నిలిచే ఓవర్‌వోల్టేజి. తక్కువ వోల్టేజి కెపాసిటర్లకు వర్తించే ఐఈసీ 60831 ప్రమాణం ఈ విషయంలో స్పష్టమైన హద్దులు గీసింది: రాసి ఉన్న వోల్టేజికి 10 శాతం ఎక్కువైతే రోజుకు 8 గంటలు, 15 శాతం ఎక్కువైతే రోజుకు 30 నిమిషాలు, 20 శాతమైతే 5 నిమిషాలు, 30 శాతమైతే ఒక్క నిమిషం, చివరి రెండూ కెపాసిటర్ జీవితకాలంలో 200 సార్లకు మించకూడదు. మీ 438 వోల్టులు 400కు తొమ్మిదిన్నర శాతం ఎక్కువ. సాయంత్రం ఏడు నుంచి ఉదయం ఏడు దాకా అదే వోల్టేజి ఉంటే ఎనిమిది గంటల గడువు తెల్లవారుజామున మూడింటికే తీరిపోతుంది. పైగా కెపాసిటర్ ఇచ్చే కేవార్ వోల్టేజి వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి, తొమ్మిదిన్నర శాతం వోల్టేజికి దాదాపు 20 శాతం కేవార్ పెరుగుతుంది, లోపలి వేడీ ఆ మేరకే పెరుగుతుంది.

ఉబ్బడం ఎందుకో కూడా చెప్పాలి. ఈ కెపాసిటర్లలో పాలీప్రొపిలీన్ పొర మీద అతి పలుచని లోహపు పూత ఉంటుంది. బలహీనమైన చోట పొర చిల్లుపడితే చుట్టూ ఉన్న పూత ఆవిరైపోయి ఆ చోటు విడిపోతుంది. కెపాసిటర్ తన గాయాన్ని తానే మాన్పుకుంటుంది. అయితే అలా మానిన ప్రతిసారీ కాస్త కెపాసిటెన్సు తగ్గుతుంది, కాస్త వాయువు పుడుతుంది. వోల్టేజి ఎక్కువైన కొద్దీ గాయాలు పెరిగి, వాయువు చేరి, డబ్బా పైభాగం ఉబ్బి, లోపలి తీగ తెగి, కెపాసిటర్ సరఫరా నుంచి విడిపోతుంది. ఉబ్బిన డబ్బా ఒక్క పిడుగుకు బలైనదని చెప్పడం కంటే, చాలాకాలంగా గాయపడుతూ వచ్చినదని చెప్పడమే ఎక్కువసార్లు నిజమవుతుంది.

ఇక ఆ వోల్టేజి ఎక్కడిది? కొంత పైనుంచి వచ్చేదే. రాత్రి లోడు తగ్గితే లైను వోల్టేజి పెరగడం మామూలు. కానీ కొంత మీ బ్యాంకే పెంచుతూ ఉండవచ్చు. కెపాసిటర్ కేవార్‌ను ట్రాన్స్‌ఫార్మర్ ఇంపీడెన్సు శాతంతో గుణించి కేవీఏతో భాగిస్తే వోల్టేజి ఎంత శాతం పెరుగుతుందో దాదాపుగా తెలుస్తుంది. మీ లెక్కలో 400ను 5తో గుణించి 1000తో భాగిస్తే 2 శాతం, అంటే 8 వోల్టులు. రాత్రి లోడు లేనప్పుడు కంట్రోలర్ అన్ని స్టెప్పులనూ తీసివేయాలి. తీసివేస్తోందో లేదో ఒక రాత్రి వెళ్లి చూడండి. కాంటాక్టర్ (స్టెప్పును కలిపి తీసే స్విచ్చు) అతుక్కుపోవడమో, ఎప్పుడో పరీక్ష కోసం మాన్యువల్‌లో పెట్టి మరచిపోవడమో నేను చాలాచోట్ల చూశాను. లైను వోల్టేజే ఎక్కువైతే, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపు (బయటికిచ్చే వోల్టేజిని కాస్త పెంచి తగ్గించే అమరిక) మార్చడం అన్నిటికన్నా చవకైన మందు. ఆఫ్-సర్క్యూట్ ట్యాపులను మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ సరఫరా పూర్తిగా తీసివేశాకే మార్చాలి.

అయితే డ్రైవుల సంగతి ఇంకా మిగిలే ఉంది, నా అనుమానంలో సగం దాని మీదే. మీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం 1000ను 5 శాతంతో భాగిస్తే 20,000 కేవీఏ. దాన్ని కలిసి ఉన్న కేవార్‌తో భాగించి వర్గమూలం తీస్తే, బ్యాంకూ ట్రాన్స్‌ఫార్మరూ కలిసి ఏ హార్మోనిక్ (సరఫరా ఫ్రీక్వెన్సీకి ఇన్ని రెట్లుండే ఫ్రీక్వెన్సీ) దగ్గర రెజొనెన్సుకు వస్తాయో, అంటే ఏ హార్మోనిక్‌ను కలిసి పెంచుతాయో తెలుస్తుంది. ఎనిమిది స్టెప్పులూ కలిసినప్పుడు 20,000ను 400తో భాగిస్తే 50, దాని వర్గమూలం 7కు కొంచెం పైన. సాధారణ ఆరు పల్సుల డ్రైవులు పుట్టించే హార్మోనిక్స్ 5, 7, 11, 13. అంటే మీ బ్యాంకు నిండుగా ఉన్నప్పుడు సరిగ్గా ఏడో హార్మోనిక్‌కే ఊతమిస్తోంది. మూడు స్టెప్పులు మాత్రమే ఉన్నప్పుడు పదకొండో దానికి దగ్గరగా పోతోంది.

దీనిలో చిక్కు ఏమిటంటే వోల్ట్‌మీటరు దీన్ని దాదాపుగా చూపించదు. ఏడో హార్మోనిక్ వోల్టేజి 8 శాతం ఉందనుకుందాం. మొత్తం ఆర్ఎంఎస్ వోల్టేజి (మీటరు చూపే ఒక రకం సగటు విలువ) పెరిగేది శాతంలో మూడో వంతు మాత్రమే. శిఖర వోల్టేజి మాత్రం 8 శాతం దాకా పెరగవచ్చు. కెపాసిటర్ ఇంపీడెన్సు ఆ ఫ్రీక్వెన్సీ వద్ద ఏడో వంతుకు పడిపోతుంది కాబట్టి, ఏడో హార్మోనిక్ కరెంటు మామూలు కరెంటులో 56 శాతానికి చేరుతుంది. కాబట్టి ట్రూ ఆర్ఎంఎస్ క్లాంప్ మీటరుతో ప్రతి స్టెప్పు కరెంటూ కొలవండి. ప్రమాణం అనుమతించే నిరంతర కరెంటు రాసి ఉన్నదానికి 1.3 రెట్లు, దాని దగ్గరకు వస్తే రెజొనెన్సు ఉన్నట్టే.

అప్పుడు డీట్యూన్డ్ రియాక్టర్లు (రెజొనెన్సును తప్పించడానికి కెపాసిటర్లతో వరుసలో కలిపే తీగచుట్టలు) పెట్టాలి. 7 శాతం రియాక్టర్ బ్యాంకు ఫ్రీక్వెన్సీని 189 హెర్ట్జ్‌కు దించుతుంది. అది 250 హెర్ట్జ్ వద్ద ఉండే అయిదో హార్మోనిక్ కంటే కింద కాబట్టి రెజొనెన్సు తప్పుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. రియాక్టర్‌ను వరుసలో కలిపితే కెపాసిటర్ మీద వోల్టేజి తగ్గదు, పెరుగుతుంది: 400ను 0.93తో భాగించాలి, అంటే 430 వోల్టులు. మీ రాత్రి 438 అయితే 471. ఇప్పుడున్న 400 వోల్టుల కెపాసిటర్లకే రియాక్టర్లు తగిలిస్తే రోగం ముదురుతుంది. కనీసం 480, వీలైతే 525 వోల్టుల కెపాసిటర్లు కావాలి. వాటి మీద రాసిన కేవార్ వాటి సొంత వోల్టేజిదని గుర్తుంచుకోండి. 480 వోల్టుల కెపాసిటర్ 400 వోల్టుల వద్ద ఇచ్చేది 69 శాతమే. రియాక్టర్ పెంచే వోల్టేజి ఆ లోటును కొంత పూడ్చుతుంది గాని, పూర్తిగా కాదు.

ప్రశ్న: మా పవర్ ఫ్యాక్టర్ కంట్రోలర్‌కు మొబైల్ యాప్ ఉంది. అందులో స్టెప్పును తీసివేశాక మళ్లీ కలపడానికి 60 సెకన్ల విరామం పెట్టి ఉంది. లోడు త్వరత్వరగా మారుతుంటుంది కాబట్టి దాన్ని 5 సెకన్లకు తగ్గించాలనుకుంటున్నాను. ఓవర్‌వోల్టేజి అలారం కూడా తరచుగా వస్తోంది, దాన్ని ఆపివేయవచ్చా?

జవాబు: రెండూ చేయకండి. యాప్ ఆ అంకెను తీసుకున్నంత మాత్రాన కెపాసిటర్ తీసుకోదు. సరఫరా తీసిన క్షణంలో 400 వోల్టుల కెపాసిటర్ మీద 566 వోల్టుల శిఖర వోల్టేజి నిలిచిపోవచ్చు. దాన్ని డిశ్చార్జ్ రెసిస్టర్లు 3 నిమిషాల్లో 75 వోల్టులకు దించాలని ప్రమాణం చెబుతోంది. సరిగ్గా అంతే వేగంగా దించే రెసిస్టర్లు మీకున్నాయనుకుంటే, 5 సెకన్ల తరువాత ఇంకా 535 వోల్టులు మిగిలి ఉంటాయి. 60 సెకన్ల తరువాత కూడా సుమారు 288. మళ్లీ కలిపేటప్పుడు మిగిలిన వోల్టేజి 10 శాతానికి మించకూడదన్నదీ ప్రమాణంలోని నియమమే. ఈ రెసిస్టర్లతో అందుకు నాలుగు నిమిషాల దాకా పడుతుంది. కాబట్టి మీ 60 సెకన్లు సరిపోవాలంటే త్వరగా దించే రెసిస్టర్లు ఉండి తీరాలి. అవి ఉన్నాయో లేదో కెపాసిటర్ లేబుల్ మీద చూడండి.

తొందరపడితే ఏమవుతుందంటే, ఖాళీ కెపాసిటర్‌ను వోల్టేజి శిఖరం వద్ద కలిపితే అది ఊగి దాదాపు రెండు రెట్ల దాకా ఎగబాకగలదు; వ్యతిరేక దిశలో నిండుగా ఉన్న కెపాసిటర్‌ను కలిపితే సిద్ధాంతరీత్యా మూడు రెట్లు, అంటే సుమారు 1,700 వోల్టులు. దానితోపాటు పక్క స్టెప్పుల్లోని కెపాసిటర్ల నుంచి భారీ కరెంటు దూకుతుంది. ముందుగా రెసిస్టర్ల ద్వారా కలిపే కెపాసిటర్ కాంటాక్టర్లు ఈ దెబ్బను తగ్గిస్తాయి గాని, నిండిన కెపాసిటర్‌ను పదే పదే కలపడానికి అవి లైసెన్సు కావు. లోడు నిజంగా సెకన్లలో మారుతుంటే థైరిస్టర్ స్విచ్చులు వేయించండి. అవి కెపాసిటర్ మీద ఉన్న వోల్టేజీ సరఫరా వోల్టేజీ సమానమైన క్షణంలోనే కలుపుతాయి.

అలారం సంగతికొస్తే, దాన్ని ఆపడానికి బదులు దానికి పనిచెప్పండి. వోల్టేజి 110 శాతం దాటి కొన్ని నిమిషాలు నిలిస్తే స్టెప్పులను ఒక్కొక్కటిగా తీసివేసేటట్టు, 120 శాతం దాటితే కొన్ని సెకన్లలో మొత్తం తీసివేసేటట్టు అమర్చండి. ఈ శాతాలు కెపాసిటర్ మీద రాసిన వోల్టేజికి లెక్కించాలి, సరఫరా వోల్టేజికి కాదు. కంట్రోలర్ బస్‌బార్ వోల్టేజిని కొలుస్తుంటే, రియాక్టర్ పెంచే భాగాన్ని మీరే తీసివేసి అమర్చాలి.

ప్రశ్న: పెద్ద బ్లోయర్ మోటారు టెర్మినళ్లకే 20 కేవార్ కెపాసిటర్ కలిపాము. మోటారు ఆపిన తరువాత కొన్ని సెకన్లపాటు మీటరులో వోల్టేజి తగ్గకపోగా పెరుగుతోంది. మీటరు పాడైందా? మోటారు లోడు లేని కరెంటు 20 ఆంపియర్లు, 400 వోల్టులు.

జవాబు: మీటరు బాగానే ఉంది. స్విచ్చు తీశాక బ్లోయర్ తన జడత్వంతో తిరుగుతూనే ఉంటుంది, కెపాసిటర్ ఆ మోటారుకు కావలసిన అయస్కాంత కరెంటును అందిస్తుంది, మోటారు జనరేటర్‌గా మారుతుంది. దీనినే సెల్ఫ్-ఎక్సైటేషన్ అంటారు. అప్పుడు పుట్టే వోల్టేజి మోటారు ఇన్సులేషన్‌నూ కెపాసిటర్‌నూ రెండింటినీ దెబ్బతీయగలదు. కెపాసిటర్ కరెంటు మోటారు లోడు లేని కరెంటులో 90 శాతం మించకూడదన్నది దీనికి మందు. మీ మోటారు లోడు లేనప్పుడు తీసుకునేది సుమారు 13.9 కేవీఏ, దానిలో 90 శాతం 12.5. కాబట్టి 12.5 కేవార్ కెపాసిటర్ పెట్టండి, లేదా 20 కేవార్‌నే ఉంచి దానికి వేరే కాంటాక్టర్ ఇచ్చి మోటారుతోపాటే విడిపోయేటట్టు చేయండి.

ప్రశ్న: హైవోల్టేజి బ్యాంకులో అన్‌బ్యాలెన్స్ అలారం (బ్యాంకు భాగాల మధ్య సమతుల్యం తప్పితే వచ్చేది) మాటిమాటికీ వస్తోంది. బస్‌బార్ ఓవర్‌వోల్టేజి రిలే మాత్రం నిశ్శబ్దంగా ఉంది. అన్‌బ్యాలెన్స్ సెట్టింగు పెంచేస్తే సరిపోతుందా? న్యూట్రల్‌ను భూమికి కలిపిన స్టార్ కనెక్షన్. ఫేజుకు రెండు గ్రూపులు వరుసలో, ఒక్కో గ్రూపులో అయిదు యూనిట్లు, ప్రతి యూనిట్‌కూ బయట ఫ్యూజు.

జవాబు: బస్‌బార్ రిలే నిశ్శబ్దంగా ఉండటం సహజం, బస్‌బార్ వోల్టేజి మారలేదు, దాన్ని రెండు గ్రూపులు పంచుకునే తీరు మారింది. ఒక గ్రూపులో ఒక ఫ్యూజు పోతే మిగిలిన నాలుగు యూనిట్ల మీద వోల్టేజి 111 శాతానికి పెరుగుతుంది; రెండోది కూడా పోతే మిగిలిన మూడింటి మీద 125 శాతం. ఆ తరువాత అవి ఒకదాని వెంట ఒకటి పోవడానికి ఎక్కువ కాలం పట్టదు. దీన్ని చూడగలిగే కన్ను ఆ అన్‌బ్యాలెన్స్ రిలే ఒక్కటే, మీరేమో దానికే గంతలు కడదామంటున్నారు. సెట్టింగును ముట్టుకోకుండా బ్యాంకును సరఫరా నుంచి విడదీసి, కనీసం పది నిమిషాలు ఆగి, ప్రతి యూనిట్ టెర్మినళ్లనూ షార్టు చేసి భూమికి కలపండి. ఫ్యూజు పోయిన యూనిట్‌లో చార్జి ఇంకా మిగిలి ఉండవచ్చు కాబట్టి బ్యాంకు మొత్తానికి ఎర్త్ వేశామని సరిపెట్టుకోవద్దు. ఆ తరువాత ఒక్కో యూనిట్ కెపాసిటెన్సు కొలిచి లేబుల్‌తో పోల్చండి. దెబ్బతిన్న యూనిట్‌ను మార్చేటప్పుడు, కొత్తదాని కొలిచిన విలువ పాతవాటికి దగ్గరగా ఉండేటట్టు చూసి ఎంచుకుంటే గ్రూపుల మధ్య వోల్టేజి మళ్లీ సమంగా పంచబడుతుంది.